ఖాళీ క్యాసెట్టు.. నిండా మనవాళ్ల గొంతులు
* గల్ఫ్ వలసల నాటి మాటల ఉత్తరాలు తుక్కు పాలు
* టేపు చెడకపోయినా వినిపించే యంత్రాలు కరవు

బాల్కొండ: ఎర్రజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో బాల్కొండ పరిసర చేలల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. చేను గట్ల వెంట కర్రలు పాతి వాటి నడుమ గోధుమరంగు సన్నని పట్టీని లాగి కడతారు. ఎండకు అది తళతళలాడుతుంది. గాలికి గుయ్‌మని మోగుతుంది. పిట్టలు దరిచేరవు. ఆ పట్టీ మరేదో కాదు, పాత క్యాసెట్లలోంచి లాగిన టేపు. పిట్టల బెదురుకు ఇంతకన్నా చౌకైన సాధనం లేదన్న మాట నిజమే. అయితే ఆ టేపు మీద ఏముందో ఒకసారి విని కట్టేవారు అరుదు. సినిమా పాటలే ఉంటే పోయేదేమీ లేదు, అవి మరోచోట దొరుకుతాయి. ముప్పై ఏళ్ల కిందట సౌదీకో మస్కట్‌కో పంపేందుకు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని మాటలు నింపిన క్యాసెట్టయితే మాత్రం దానికి నకలు ఎక్కడా లేదు.

పాత టేపు రికార్డర్లపై మోజు ఇటీవల మళ్లీ కనిపిస్తోంది. నగరాల్లో కొందరు పాత యంత్రాలను కొని, బాగు చేయించి అలంకరణగా పెట్టుకుంటున్నారు. విప్పని ఖాళీ క్యాసెట్ల సేకరణ దేశవిదేశాల్లో ఒక వ్యాపకమైంది. జపాన్ సంస్థలు టీడీకే, మాక్సెల్, సోనీ తయారు చేసిన ఖాళీ క్యాసెట్లకు పైకాగితం చెక్కు చెదరకుండా ఉంటే మంచి ధర పలుకుతోంది. లోహపు చట్రంతో వచ్చిన టీడీకే ఎంఏ-ఆర్ వంటి రకాలను సేకర్తలు నగల మాదిరిగా దాచుకుంటారు. అదే క్యాసెట్టుపై బాల్‌పెన్నుతో ఏదో రాసి, లోపల ఎవరివో మాటలు నిండి ఉంటే సేకర్తకు దానిపై ఆసక్తి ఉండదు. మన పల్లెల లెక్క ఇందుకు తలకిందులు. ఇక్కడ విలువైనది ఆ రాత ఉన్న క్యాసెట్టే. అదే ఇప్పుడు తూకానికి పోతోంది.

ఒకే ఏడాది పుట్టిన రెండు

బాల్కొండకు కూతవేటు దూరంలోని పోచంపాడు వద్ద గోదావరిపై ప్రాజెక్టుకు నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963 జులై 26న. సుమారు నెల తరువాత, ఆగస్టు చివరలో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ తన చిన్న క్యాసెట్టును లోకానికి చూపింది. బెల్జియంలోని హాసెల్ట్ కర్మాగారంలో దానిని రూపొందించిన బృందానికి నాయకుడు లూ ఓటెన్స్ అనే ఇంజినీరు. అరచేతిలో ఇమిడేలా, చొక్కా జేబులో పట్టేలా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆయన 2021 మార్చిలో కన్నుమూశారు. ఈ రెండింటికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. ఈ ప్రాంత రైతు బతుకును ప్రాజెక్టు నీరు ఎంతగా మార్చిందో, నీరందని ఇళ్ల నుంచి ఎడారి దేశాలకు వెళ్లిన కూలీ బతుకులో క్యాసెట్టు అంతటి చోటు సంపాదించింది.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి వేలాదిమంది బొంబాయి ఏజెంట్ల ద్వారా విమానమెక్కారు. ఏ దేశానికి వెళ్లినా ఊళ్లో మాత్రం ‘దుబాయి పోయిండు’ అనే అన్నారు. రెండు మూడేళ్లకు సెలవుపై వచ్చేవారి సామానులో కంబళ్లు, అత్తరు సీసాలు, టార్చిలైట్లతో పాటు తప్పనిసరిగా కనిపించేది టూ ఇన్ వన్. రేడియో, టేపు రికార్డరు రెండూ ఒకే పెట్టెలో ఉండటంతో ఆ పేరు వచ్చింది. నేషనల్ పానసోనిక్, సాన్యో, షార్ప్, సోనీ పేర్లు చదువురాని వారి నోట కూడా పలికింది అప్పుడే. భారతదేశంలో క్యాసెట్ల వ్యాప్తిపై అమెరికా పరిశోధకుడు పీటర్ మాన్యుయల్ 1993లో వెలువరించిన గ్రంథం కూడా, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన కార్మికులు తెచ్చిన యంత్రాలే ఇక్కడ ఆ సంస్కృతికి తొలి మెట్లలో ఒకటని చెబుతుంది. 1980లలో గుల్షన్ కుమార్ స్థాపించిన టీ-సిరీస్ వంటి సంస్థలు చౌక క్యాసెట్లతో బజారును నింపాయి. మెల్‌ట్రాక్, టీ-సిరీస్ ఖాళీ క్యాసెట్లు మండల కేంద్రాల్లోనూ దొరికేవి. గల్ఫ్ నుంచి వచ్చినవారి దగ్గర సోనీ, టీడీకే ఖాళీ క్యాసెట్లు పదుల సంఖ్యలో ఉండేవి. అవి బంధువులకు ఇచ్చే కానుక కూడా.

ఉత్తరం చెప్పలేనిది

నాడు గల్ఫ్ నుంచి ఉత్తరం ఇల్లు చేరాలంటే రెండు మూడు వారాలు పట్టేది. వచ్చిన ఉత్తరాన్ని చదివి వినిపించేందుకు మరొకరు కావాలి. జవాబు రాసిపెట్టేందుకూ ఇంకొకరు కావాలి. పంతులుకో, పక్కింటి పదో తరగతి పిల్లవాడికో చెప్పి రాయించే ఉత్తరంలో భార్య భర్తతో ఏం చెప్పగలదు? అందరూ క్షేమమని, పైకం అందిందని, అప్పువాడు అడుగుతున్నాడని మాత్రమే. అత్తతో పడే ఇబ్బంది, ఒంట్లో బాగుండని సంగతి, ఎప్పుడొస్తావన్న ప్రశ్న మరొకరి చేతిరాతలో ఇమిడేవి కావు. ఎస్టీడీ బూత్‌లు వచ్చాక కూడా విదేశీ కాల్ ఖరీదు నిమిషానికి కూలీ డబ్బులను మింగేది. గడియారం చూస్తూ మాట్లాడే మాట వేరు, తీరికగా మాట్లాడే మాట వేరు.

ఈ చిక్కును ఖాళీ క్యాసెట్టు విడదీసింది. గంట నిడివి గల సి-60 క్యాసెట్టును పెట్టి, రికార్డు, ప్లే మీటలు రెండూ కలిపి నొక్కి, ఇంటివాళ్లు ఒక్కొక్కరుగా మాట్లాడేవారు. తల్లి ముందుగా మాట్లాడేది, చాలాసార్లు ఏడుపుతోనే ఆగిపోయేది. తండ్రి పంటల ధర, బోరు మోటారు మరమ్మతు, పసుపు ఎన్ని క్వింటాళ్లయిందో చెప్పేవాడు. పిల్లలతో పద్యమో ఎక్కమో చెప్పించేవారు. చివరన అందరూ వెళ్లిపోయాక మిగిలిన టేపు భార్యది. తపాలాలో పోతుందన్న భయంతో క్యాసెట్టును వెళ్లేవారి చేతికిచ్చి పంపేవారు. ఆ ఊరివాడు సెలవు ముగించుకొని బయలుదేరుతున్నాడంటే ఆ ఇంటి ముందు నాలుగైదు ఇళ్లవాళ్లు క్యాసెట్లతో నిలబడేవారు. అక్కడివాడు విని, అదే క్యాసెట్టుపై జవాబు నింపి తిరిగి పంపడమూ పరిపాటే. ఖాళీ క్యాసెట్టు ఖరీదు ఆదా అవుతుంది మరి. ఇప్పుడు బాధ కలిగించేదీ ఆ పొదుపే. ఎన్నో ఇళ్లలో చివరి జవాబు తప్ప ముందువన్నీ చెరిగిపోయాయి.

ఈ క్యాసెట్లలో మాటలకన్నా వెనుక వినిపించే చప్పుళ్లు ఎక్కువ విలువైనవని చెప్పాలి. దీనికి సాంకేతిక కారణమూ ఉంది. చేతి టేపు రికార్డర్లలో మైకు ధ్వనిని తనంతట తాను హెచ్చించే, తగ్గించే ఏర్పాటు ఉండేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే అది తగ్గిస్తుంది. మాట ఆగగానే నిశ్శబ్దాన్ని పూడ్చేందుకు దూరపు చప్పుళ్లను పైకి లాగుతుంది. అందువల్ల ఏం చెప్పాలో తోచక తల్లి ఆగిన ప్రతిచోటా ఆ ఇంటి ప్రపంచం లేచి వస్తుంది. తునికాకును కత్తిరించే బీడీల కత్తెర చప్పుడు, కోడికూత, గేదె అరుపు, జాతీయ రహదారిపై లారీ హారను, ఎవరో పిల్లవాడిని కసరడం. బీడీలు చుట్టే ఇళ్లలో చేతులు ఆగితే కూలి తగ్గుతుంది కనుక, కొడుకుతో మాట్లాడుతూనే తల్లి చేటలో ఆకు కత్తిరించేది. శక్కర్‌నగర్‌లో నింపిన క్యాసెట్టులో వెనుక నుంచి చక్కెర కర్మాగారం కూత వినవస్తే ఆశ్చర్యం లేదు. 1930లలో మొదలైన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అలాంటి ధ్వనులను పనిగట్టుకొని భద్రపరచినవారు ఎవరూ లేరు. అవి ఎక్కడైనా మిగిలి ఉంటే ఇలాంటి క్యాసెట్లలోనే.

గొంతు ఎక్కడ దాగుతుంది?

టేపు అనేది పాలియెస్టరు పొర. దాని వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. ఒక ముఖాన ఇనుప ఆక్సైడు సూక్ష్మ కణాలను జిగురుతో కలిపి పూస్తారు. మనం తుప్పు అనేది, టేపుకు ఆ గోధుమరంగు ఇచ్చేది ఒకే కోవకు చెందిన పదార్థాలు. యంత్రంలోని హెడ్డు ఒక బుల్లి విద్యుదయస్కాంతం. దాని ముఖాన కంటికి ఆనని సన్నని చీలిక ఉంటుంది. మైకు గొంతును విద్యుత్తుగా మారుస్తుంది, ఆ విద్యుత్తు హెడ్డులో అయస్కాంత శక్తిగా మారుతుంది, చీలిక ముందు నుంచి సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదిలే టేపుపై కణాలు ఆ ప్రకారం అయస్కాంతీకరణ చెందుతాయి. వినేటప్పుడు ఇదే తంతు వెనుక నుంచి జరుగుతుంది. టేపు వెడల్పులో సగం ఒక వైపుకు, మిగతా సగం రెండో వైపుకు. అందుకే తిరగేసి పెడితే వేరే మాటలు వినిపిస్తాయి.

సి-60లో దాదాపు 90 మీటర్ల టేపు ఉంటుంది. సి-90లో అంతకు ఒకటిన్నర రెట్లు. అదే డబ్బాలో పట్టాలి గనుక టేపును పలుచన చేస్తారు. సి-120 మరీ పలుచన, మిల్లీమీటరులో నూరో వంతు కన్నా తక్కువ మందం. రోలరుకు చుట్టుకొని నలిగేది ఎక్కువగా అదే. డబ్బు ఆదా అవుతుందని సి-120 కొన్నవారు చివరకు రీలును పెన్సిలుతో సరిచేస్తూ కూర్చున్న సందర్భాలు అనేకం.

రికార్డు హెడ్డుకు ముందు మరో చిన్న హెడ్డు ఉంటుంది. కొత్త ధ్వని నింపేముందు పాతదాన్ని తుడిచివేయడం దాని పని. చౌక యంత్రాలలో అది కేవలం ఒక అయస్కాంతపు ముక్క. రికార్డు మీట నొక్కగానే వచ్చి టేపుకు తాకుతుంది. అది తుడిచినదాన్ని తిరిగి రప్పించే విద్య లేదు.

ఈ సంగతి ఈ విలేకరికి స్వానుభవం. 1990ల తొలినాళ్లలో అన్న సౌదీలో ఉండగా బాపు మాట్లాడి పంపిన క్యాసెట్టు ఒకటి, అన్న సెలవుపై వచ్చినప్పుడు సామానుతో తిరిగి వచ్చింది. పదమూడేళ్ల వయసులో దానిపై రేడియోలో వచ్చే సినిమా పాటలు నింపుకున్నాను. ఖాళీ క్యాసెట్టు అనే అనుకున్నాను. ఎందుకంటే దానిపై ఏమీ రాసి లేదు. కొన్నేళ్లకు బాపు పోయారు. ఆ తరువాత ఒకనాడు పాటలు వింటూ ఆపడం మరిచాను. చివరి పాట ముగిసి, టక్కుమని మీట వదిలిన చప్పుడు వచ్చి, వెంటనే బాపు గొంతు వినిపించింది. పాటలు టేపు చివరి దాకా చేరలేదు. ఆ మిగిలిన భాగంలో నాలుగు నిమిషాల లోపు మాటలున్నాయి. బోరు మోటారు కాలిపోయిందని, వైండింగు చేయించేందుకు ఆర్మూర్ తీసుకుపోయామని, నువ్వు పైలమని. మధ్యలో రెండుసార్లు దగ్గు. అంతే.

క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో వైపుకు సంబంధించినది. వాటిని విరిచేస్తే యంత్రం రికార్డు మీటను నొక్కనివ్వదు. దుకాణంలో కొన్న పాటల క్యాసెట్లకు ఆ రెక్కలు ఉండవు. ఇంట్లో నింపినవాటికి విరవాలని ఆనాడు చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా క్యాసెట్టు మళ్లీ పనికొస్తుందని విరిచేవారు కాదు. ఇప్పటికైనా ఇంట్లో మాటల క్యాసెట్టు దొరికితే మొదట చేయాల్సిన పని పెన్నుమొనతో ఆ రెక్కలు విరవడమే.

చెడేది టేపు కాదు

ముప్పై, నలభై ఏళ్లయింది కనుక క్యాసెట్లు ఎలాగూ పాడై ఉంటాయన్న అభిప్రాయం ప్రబలంగా ఉంది. అది పూర్తిగా సరికాదు. పాలియెస్టరు పొర గట్టిది. అయస్కాంత గుర్తులు అంత త్వరగా చెరగవు. ఎండ, తేమ బాగా తగలని క్యాసెట్లు నేటికీ పలుకుతున్నాయి. చెడేవి దాని చుట్టూ ఉన్నవి. టేపును హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోతుంది. టేపు మొదట్లోని తెల్ల ముక్కకు అతికిన జిగురు వదులుతుంది. వానాకాలపు తేమకు చుట్టల అంచున తెల్లని బూజు పడుతుంది. రేకుల ఇంటి అటకపై వేసవి వేడికి డబ్బా వంకరపోతుంది. స్పీకరుపై పేర్చి ఉంచినవాటికి అందులోని అయస్కాంతం చేటు చేస్తుంది.

అంతకన్నా ముందు మూలపడింది టేపు రికార్డరే. మోటారు నుంచి చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు కాలక్రమంలో సాగిపోతుంది, లేదా కరిగి తారులా అంటుకుంటుంది. టేపును లాగే రబ్బరు రోలరు గట్టిపడి జారుతుంది. అలాంటి యంత్రంలో ముప్పై ఏళ్లుగా తీయని క్యాసెట్టును పెట్టి మీట నొక్కితే అది టేపును మింగడం ఖాయం. ఉత్సాహంతో ఈ పొరపాటు చేస్తున్నవారు ఎందరో. ఒకప్పుడు ప్రతి మండల కేంద్రంలో ఉన్న రేడియో, టేపు మరమ్మతు దుకాణాలు సెల్‌ఫోన్ దుకాణాలుగా మారాయి. ఆ పని తెలిసినవారు వయసు మీదపడి ఇంటిపట్టున ఉంటున్నారు. నిజానికి ఇప్పుడు కొరతగా ఉన్నది క్యాసెట్లు కాదు, వారి చేతులు.

సోనీ సంస్థ జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ తయారీని 2010లో నిలిపివేసింది. ఖాళీ క్యాసెట్లు మాత్రం పూర్తిగా ఆగిపోలేదు. అమెరికాలో నేషనల్ ఆడియో కంపెనీ, ఫ్రాన్స్‌లో మ్యూలాన్ సంస్థ టేపును తయారు చేస్తున్నాయి. కొత్త ప్లేయర్లూ అంగట్లో లేకపోలేదు. వాటిలో చౌకవాటి వేగం నిలకడగా ఉండదు. గొంతు ఒకసారి సన్నగా, ఒకసారి బొంగురుగా వినిపిస్తుంది. బాగు చేయించిన పాత యంత్రమే మేలు.

ఇంట్లో చేయదగినది

క్యాసెట్టు దొరికిన వెంటనే ప్లేయరులో పెట్టరాదు. ముందు వెలుతురుకు పట్టి బూజు ఉందేమో చూడాలి. ఉంటే దాన్ని ఇతర క్యాసెట్లతో కలపకూడదు, అదే యంత్రంలో వేరేవి పెట్టకూడదు. బూజు లేకుంటే చక్రంలో పెన్ను దూర్చి రెండు చుట్లు తిప్పి, టేపు బిగుసుకుపోలేదని నిర్ధారించుకోవాలి. ఐదు స్క్రూలతో బిగించిన డబ్బా అయితే విప్పి, టేపును మరో మంచి డబ్బాలోకి మార్చవచ్చు. పాత పాటల క్యాసెట్ల డబ్బాలు ఈ విధంగా పనికివస్తాయి. విప్పని ఖాళీ క్యాసెట్లు సేకరించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

ప్లేయరు బెల్టు మార్పించి, హెడ్డును ఐసొప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడవాలి. దాన్ని ముందుగా ఒక పాటల క్యాసెట్టుతో పరీక్షించాలి. పదిహేను నిమిషాలు నిలకడగా ఆడితే అప్పుడు ఇంటి క్యాసెట్టు పెట్టాలి. గొంతు మూసుకుపోయినట్లు వినిపిస్తే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పితే స్పష్టమవుతుంది. నాడు నింపిన యంత్రంలో హెడ్డు ఏ కోణాన ఉందో నేడు కూడా అదే కోణాన ఉండాలి, రహస్యం అంతే. ఇయర్‌ఫోను రంధ్రం నుంచి తీగ ద్వారా కంప్యూటరుకు కలిపి నింపుకోవాలి. స్పీకరు ముందు సెల్‌ఫోను పెట్టి నింపడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. సీడీ నాణ్యతతో నింపితే గంట క్యాసెట్టు దాదాపు 635 మెగాబైట్లు అవుతుంది. నేటి మెమరీ కార్డుకు అది లెక్కలోనిది కాదు. ఆ మూల ప్రతిని రెండు చోట్ల ఉంచాలి. వాట్సప్‌లో పంపుకొనేందుకు చిన్నది వేరుగా చేసుకోవచ్చు. మధ్యలోని నిశ్శబ్దాలను కత్తిరించరాదు. కోడికూతలు, కత్తెర చప్పుళ్లు ఉండేది అక్కడే.

రెండు వైపులా చివరి దాకా వినాలన్నది అన్నింటికన్నా ముఖ్యం. పాటలున్నాయని మధ్యలో తీసేస్తే పాటల వెనుక మిగిలినది తెలియదు.

ఎవరు మాట్లాడుతున్నారో, ఏ ఏడాదో రాసి పెట్టకపోతే పదేళ్ల తరువాత వినేవారికి ఆ గొంతులు అపరిచితాలే. అది చెప్పగల పెద్దలు ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకొని వినడం మంచిది. మా ఇంటి నాలుగు నిమిషాలను సెల్‌ఫోనులోకి ఎక్కించాక అన్నకు వినిపించాను. ఆయన మౌనంగా రెండుసార్లు విన్నాడు. ఆ మోటారు కాలింది 1992 వానాకాలంలో అని, ఆ క్యాసెట్టు రియాద్‌లో తన చేతికి అందేసరికి దసరా దాటిందని చెప్పాడు. క్యాసెట్టు మీద ఇప్పుడు ఆ సంవత్సరం రాసి ఉంది. దాని వెనుక రెక్కలు రెండూ విరిచాము.